అన్న చేతి కంకణం

మునిరామయ్య ఈమధ్య మా షాపు దాకా రావాలంటే దారిలో రెండు చోట్ల కూర్చోవాలి. ఒకసారి పాలకేంద్రం అరుగు మీద, ఒకసారి బోరింగు గట్టు మీద. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ మోకాళ్ళతోనే ఇరవై రెండేళ్ళు అరవై అడుగుల మాను ఎక్కాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోనీ, నాకు పోయేదేముంది. నాది మైకుసెట్టు, టెంటుహౌసు. ఇరవై రెండేళ్ళూ ఆ మాను కింద మైకు పెట్టింది నేనే.

మా ఊరు పూతలపట్టు నుంచి కాణిపాకం పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. ఊళ్ళో ధర్మరాజుల గుడి ఉంది. ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు భారతం జరుపుతాం. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు రోజు మాత్రం జనం పగలే వచ్చి పడతారు. చెక్కు తీసిన పొడుగాటి మాను ఒకటి మైదానంలో నిలబెట్టి ఉంటుంది. దాన్ని తపసు మాను అంటాం. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ దాన్ని ఎక్కి, కొసనున్న చిన్న మంచె మీదినుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి పొట్లాలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో మాను చుట్టూ పడుకొని ఉంటారు. ఒడిలో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. పండిన కడుపులూ ఉన్నాయి, పండనివీ ఉన్నాయి. నేను లెక్క పెట్టలేదు.

ఎక్కేవాడికి మొదటిరోజే గుడిలో చేతికి కంకణం కడతారు. అది విప్పేదాకా నీచు ముట్టకూడదు, చాప మీదే పడుకోవాలి, ఊరి పొలిమేర దాటకూడదు. ఎక్కే హక్కు ఒకే ఇంటిది. నాయన తరువాత పెద్దకొడుకు, ఆ తరువాత వాడి పెద్దకొడుకు. మునిరామయ్య నాయన కుప్పయ్య ఎక్కాడు. కుప్పయ్య పోయాక పెద్దకొడుకు తిరుమలయ్య ఎక్కాడు. చిన్నకొడుకు మునిరామయ్య కింద నిలబడి అన్న చెప్పులు పట్టుకునేవాడు.

నేనూ మునిరామయ్యా బడిలో ఒకే బెంచీ. వాడి గొంతు మైకు లేకపోయినా రోడ్డు దాకా వినబడేది. తిరుమలయ్యన్నది నాటు గొంతు, పై మెట్ల మీద పద్యం తెగిపోయేది. తమ్ముడు కింద నిలబడి పెదాలు కదిలిస్తూ అదే పద్యం పూర్తి చేసేవాడు. నేను చూశాను. మిగతా ఏడాదంతా వాడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లోడింగు పని చేసేవాడు. అక్కడ వాడిని ఎవరూ పేరు పెట్టి కూడా పిలిచేవాళ్ళు కాదు, ‘ఒరే లోడింగూ’ అనేవాళ్ళు.

తొంభై ఆరులో ఏం జరిగిందో చెబుతాను. ఇందులో నాకు తరువాత తెలిసిందే ఎక్కువ.

ఆ ఏడు భారతం మొదలైన అయిదో రోజున తిరుమలయ్య కూతురు జయంతికి జ్వరం తలకెక్కింది. ఆరేళ్ళ పిల్ల. తల్లి సుబ్బులమ్మ ఒక్కతే ఎత్తుకొని తిరుపతి పెద్దాసుపత్రికి పోయింది. తండ్రి చేతికి కంకణం ఉంది, కదలడానికి లేదు. మూడో రోజు ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది, పిల్ల కళ్ళు తెరవలేదని. తిరుమలయ్య ఇంటి వెనకాల గోడకు ఆనుకొని ఏడుస్తున్నాడు. మునిరామయ్య తన మోపెడ్ తెచ్చి నిలబెట్టాడు.

“బండెక్కున్నా. అందురూ హరికథ కాడ ఉండారు. పొద్దుగూకే లోపల వచ్చేద్దాం. ఎవురికి తెలస్తాది?”

పోయారు, చూశారు, దీపాల వేళకు తిరిగి వచ్చేశారు. ఎవరూ పసిగట్టలేదు. మునిరామయ్య ఎత్తు వేసి అన్నను తీసుకుపోయాడని నేను అనను. ఆ పిల్ల మంచం పక్కన వాడు కూడా ఏడ్చాడట. ఆ తరువాత నాలుగో రోజుకు పిల్ల లేచి కూర్చుంది, సుబ్బులమ్మ ఇల్లు చేరింది. ఆ మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర ఆడవాళ్ళు చుట్టూ చేరితే ఆసుపత్రి కష్టమంతా చెప్పుకొని ఏడ్చింది.

ఆ సాయంత్రం గుడి పెద్ద దొరస్వామి తిరుమలయ్యను పిలిపించాడు. కంకణంతో పొలిమేర దాటావా లేదా అని అడిగాడు. దాటలేదంటే కాణిపాకం పోయి వినాయకుడి ముందర ప్రమాణం చెయ్యమన్నాడు. మా వైపు ఆ మాట అన్నాక ఇంకేం మాట్లాడతారు? అక్కడ అబద్ధం ఆడే ధైర్యం ఎవరికీ లేదు. తిరుమలయ్య తల వంచుకొని “పోయినాను మామా” అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగితే దొరస్వామి పేరు చెప్పలేదు. “మాట మీ ఇంట్లోంచే వచ్చిందప్పా” అని మాత్రం అన్నాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. తిరుమలయ్య, ఆయన భార్య, ఆయన తమ్ముడు. బండి తోలినవాడు తానే పోయి చెప్పుకుంటాడా? పైగా సుబ్బులమ్మ కుళాయి దగ్గర నోరు విప్పింది. తిరుమలయ్య లెక్క తేల్చేశాడు. కుళాయి దగ్గర విన్న ఆడవాళ్ళు తలొక మాట చెప్పారు, ఊరు కూడా అదే లెక్క తేల్చింది.

గుడి ముందర అందరూ చూస్తుండగా అన్న చేతి కంకణం విప్పి తమ్ముడి చేతికి కట్టారు. ఇంటికి పోయాక సుబ్బులమ్మ మొగుడికి సంగటి పెడితే ఆయన కంచం తోసేశాడు. మునిరామయ్య అక్కడే వాకిట్లో ఉన్నాడు, చేతికి కొత్తగా కట్టిన కంకణంతో. రెండు రోజుల తరువాత మాను ఎక్కాడు. చివరి మెట్టు మీద కూడా వాడి గొంతు చెక్కుచెదరలేదు. అంత బాగా మా ఊళ్ళో ఎవరూ పాడలేదని ఇప్పటికీ అంటాను, అది అబద్ధం కాదు కదా.

ఆ రోజు నుంచి తిరుమలయ్య భార్యతో మాట్లాడటం మానేశాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఇల్లు వదిలిపోలేదు. మాట్లాడలేదు, అంతే. ఏం కావాలన్నా జయంతితో చెప్పేవాడు. “జయంతీ, మీయమ్మను నీళ్ళు పెట్టమను.” జయంతి పెళ్ళయ్యాక, మొగుడికి రేణిగుంటలో గోడౌను పని దొరకడంతో అక్కడికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆయన ఇంట్లో ఉన్న మేకతో చెప్పడం మొదలుపెట్టాడు. “ఏమే, ఆకలి అవుతాండాదని చెప్పు.” మేక ఏం చెబుతుంది? సుబ్బులమ్మ వడ్డించేది. విన్నవాళ్ళకు నవ్వు వచ్చేది. నాకూ వచ్చేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మునిరామయ్యకు మాత్రం దశ తిరిగింది. తపస్సు రోజున మొగుడూ పెళ్ళాలు వరస కట్టి వాడి కాళ్ళకు మొక్కేవాళ్ళు. ఫ్యాక్టరీలో మేస్త్రీ కూడా కుర్చీ వేసేవాడు. ఎవరైనా పిల్లకు పేరు పెట్టాలంటే వాడినే అడిగేవాళ్ళు. వాడి నడక మారింది, తువ్వాలు వేసుకొనే తీరు మారింది. సుబ్బులమ్మ ఎదురైతే మాత్రం “బాగుండావా వదినా” అని నేల చూస్తూ దాటిపోయేవాడు. మోకాళ్ళు పోయాక కొడుకు మునికుమార్‌కు కంకణం కట్టించాడు. దొరస్వామి అంతకు చాలా ముందే కాలం చేశాడు. ఇక ఆయనకు ఎవరు చెప్పారో తెలిసినవాడు ఈ లోకంలో మునిరామయ్య ఒక్కడే.

పోయిన సంవత్సరం కోమలి వచ్చింది. చిత్తూరు పిల్ల, చెన్నైలో సినిమా చదువు చదివింది. తపసు మాను మీద సినిమా తీస్తానంది. హీరో ఎవరమ్మా అంటే హీరో లేడు, ఊరివాళ్ళే చేయాలంది. పాటలు లేవు, కొట్లాటలు లేవు. ఒక మనిషి వీధి చివర నుంచి నడిచి వస్తుంటే, వచ్చేదాకా కెమెరా కాచుకొని ఉంటుంది. వచ్చి కూర్చున్నాక కూడా ఆపదు. ఒకరోజు పాలు పొంగేదాకా తీశారు. జనరేటరు నాదే కాబట్టి నాకు నష్టం లేదు, కానీ ఇదేం సినిమారా దేవుడా అనుకున్నాను.

కథ ఊళ్ళో చెప్పుకునేదే. అన్న పొలిమేర దాటడం, భార్య నోరు జారడం, కంకణం తమ్ముడికి పోవడం. మనిషి బలహీనత, అధికారం, ఇంట్లో మోసం, వీటి గురించి తీస్తున్నానని కోమలి నాతో అంది. తిరుమలయ్యను ఆయన వేషమే వేయమని అడిగితే పలక్కుండా తోటకు పోయాడు. అప్పుడు మునిరామయ్యను అడిగింది. పోలిక ఉంది, మాను ఎక్కిన మనిషి కూర్చునే తీరు ఉంది, అన్న వేషం మీరే వెయ్యాలంది.

వాడు ఒప్పుకున్నాడు! మాను దిగి ఆరేళ్ళయింది, వాడి వైపు తల ఎత్తి చూసేవాళ్ళు లేరు. మళ్ళీ అందరూ చూస్తారనే సరికి మిగతాదంతా మరిచిపోయాడు. వాడి బలహీనత మొదటినుంచీ అదొక్కటే.

భార్య వేషానికి సుబ్బులమ్మనే అడిగారు. వద్దంటుందనుకున్నాను. వచ్చింది. మొదటిరోజు కుళాయి దగ్గర తీయాలి. నలుగురు ఆడవాళ్ళ మధ్య బిందె పెట్టుకొని రహస్యం బయటపెట్టాలి. కెమెరా పెట్టుకొని అందరూ కాచుకున్నారు. సుబ్బులమ్మ బిందె నింపుకొని నిలబడింది, నోరు పెగల్లేదు.

“ఏం చెప్పినారో అదే చెప్పండి పెద్దమ్మా” అంది కోమలి.

“ఏం చెప్పినానో నాకు గుర్తు లేదు పాపా. ఇన్నేండ్లూ తలుచుకుంటానే ఉండా. పిల్లకు బాగలేదని చెప్పినా, సూది ఏసినారని చెప్పినా. ఆయన వచ్చినాడని చెప్పినానా లేదా, అది మాత్రం జ్ఞాపకం రాలా. చెప్పే ఉంటా, లేకుంటే ఎట్లా తెలస్తాది? ఏమని చెప్పినానో నువ్వే రాసియ్యి. నేర్చుకొని చెప్తా.”

నా పక్కన కుర్చీలో మునిరామయ్య కూర్చొని ఉన్నాడు. టీ గ్లాసు చేతిలో ఉంది. గ్లాసులో టీ మీద మీగడ కట్టేదాకా వాడు దాన్ని నోటి దగ్గరకు తీసుకుపోలేదు. కోమలి రాసిచ్చింది. సుబ్బులమ్మ చదువురాని మనిషి, పదిసార్లు విని నేర్చుకొని చెప్పింది. తాను చేయని తప్పును అక్షరం పొల్లుపోకుండా ఒప్పచెప్పింది.

మర్నాడు కంచం తోసేసే సీను. సుబ్బులమ్మ ఇంట్లోనే తీశారు. తిరుమలయ్య తోటలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది కోమలి, తెలుగు రాని కెమెరామెన్, వేషగాళ్ళిద్దరూ, లైటు పట్టుకొని నేను. సంగటి నిజంగానే చేసింది సుబ్బులమ్మ. పక్కన చెనిగ్గింజల పచ్చడి, ఊరిబిండి.

“కంచం తోసెయ్యండి. ఆమె వైపు చూడకుండా కూర్చోండి. నేను కట్ చెప్పేదాకా లేవద్దు” అంది కోమలి.

సుబ్బులమ్మ కంచం పెట్టింది. మునిరామయ్య తినేశాడు.

రెండోసారి పెట్టింది. మళ్ళీ తిన్నాడు. ఆకలి మీద ఉన్నాడేమోనని నేను నవ్వాను. కోమలికి కోపం వచ్చింది. మూడోసారి కంచం అంచు మీద చేయి పెట్టాడు, అలాగే ఉంచాడు, తోయలేదు. నాలుగోసారి కూడా అంతే. కెమెరా తిరుగుతోంది. ఆ పిల్లకు కెమెరా ఆపే అలవాటు లేదని చెప్పాను కదా. నాకు చేతులు లాగుతున్నాయి.

“వదినా” అన్నాడు మునిరామయ్య. కళ్ళు కంచం మీదే ఉన్నాయి. “నువ్వు ఎవురికీ చెప్పలేదు. దొరస్వామి మామ కాడికి నేనే పోయినా. ఆయన అడగను గూడా అడగలా. నేనే పోయి చెప్పినా.”

సుబ్బులమ్మ చేతిలో గరిటె ఉంది. దాన్ని గిన్నెలో పెట్టి అడిగింది.

“నేను కుళాయి కాడికి పోకముందా, పోయినంకనా?”

“ముందే. ఆ పొద్దు తెల్లారి. నువ్వింకా నిద్ర లెయ్యలా.”

“సరే” అంది. వంగి, వాడి ముందరి కంచం తీసుకొని, పెరట్లోకి పోయి మేకకు పెట్టింది.

అప్పుడు చెప్పింది కోమలి కట్.

ఆ సాయంత్రం మునిరామయ్య కోమలి కాళ్ళావేళ్ళా పడ్డాడు. నేను కేబుల్ చుడుతూ విన్నాను. “ఆ ముక్క తీసెయ్యి తల్లీ. నేనంటే అయిపోయినోణ్ణి. నా కొడుకు చేతి కంకణం ఊడబెరుకుతారు. మా ఇంటి హక్కు పోతాది.” కోమలి నేరుగా సుబ్బులమ్మ దగ్గరికి పోయి, ఉంచాలా తీసెయ్యాలా అని అడిగింది. సుబ్బులమ్మ గిన్నెలు తోముతోంది, తల ఎత్తలేదు.

“అది పెట్టు. నేను కుళాయి కాడ మాట్లాడింది మాత్రం తీసెయ్యి.”

తరువాత నేను మునిరామయ్యను నిలదీశాను. ఎందుకు చెప్పావురా, అన్న నీకేం చేశాడు అని. వాడు బోరింగు గట్టు మీద కూర్చొని మోకాళ్ళు పిసుక్కుంటున్నాడు. “ఏమీ చెయ్యలేదబ్బా. ఆ పొద్దు నిద్ర లేస్తానే మాను కనిపించింది. ఒక్కసారి పైకి ఎక్కాల అనిపించింది. అంతే. ఒక్క ఏడే అనుకున్నా.” నాకు వాడిని కొట్టాలనిపించింది. వాడి మొహం చూస్తే జాలి కూడా వేసింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తాడు? బీడీ ఇచ్చాను.

సినిమా సిద్ధం కావడానికి సంవత్సరం పట్టింది. ఆ సంవత్సరమంతా తిరుమలయ్య మేకతోనే మాట్లాడాడు. ఆయనకు చెప్పగలిగినవాళ్ళం ఊళ్ళో ముగ్గురం ఉన్నాం. మునిరామయ్య చెప్పలేదు, భయం. నేను చెప్పలేదు. మనకెందుకులే అనుకున్నాను, నిజానికి నాదీ భయమే. పండక్కి మైకు కాంట్రాక్టు ఇచ్చేది మునిరామయ్య చుట్టాలు. సుబ్బులమ్మను మాత్రం ఒకసారి అడిగాను, నువ్వైనా చెప్పొచ్చు కదక్కా అని.

“ఆయన నన్ను అడిగినాడా?” అంది. “ఆ పొద్దూ అడగలా, ఇప్పుడూ అడగలా. అడిగితే గదప్పా చెప్పేది.”

ఈ ఎండాకాలం, కంకణాలు కట్టడానికి వారం ముందర, గుడి మైదానంలో తెర కట్టి సినిమా వేశారు. తెర నాది, స్పీకర్లు నావి. ఊరంతా వచ్చింది. రేణిగుంట నుంచి జయంతి కూడా మొగుడితో వచ్చింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. తిరుమలయ్య మొదటి వరసలో కూర్చున్నాడు, ఆయన ఇల్లే తెర మీద ఉందని ఎవరో చెప్పి లాక్కొచ్చారు.

మునిరామయ్య నా ఆంప్లిఫయర్ బల్ల దగ్గరికి వచ్చి స్టూలు లాక్కున్నాడు. సినిమా సాగుతూనే ఉంది. మనిషి నడుస్తూనే ఉన్నాడు, పాలు పొంగుతూనే ఉన్నాయి. కొందరు ఆవులించారు. కుళాయి దగ్గర సుబ్బులమ్మ బిందె పట్టుకొని నిలబడి, నోరు విప్పకుండానే ఇంటికి పోయింది. ఇదేంది, చెప్పలేదే అని ఎవరో అన్నారు. అప్పుడు మునిరామయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

“అబ్బా, జయచంద్రా, ఆ కాడికి వచ్చినప్పుడు రవ్వంత సౌండు తగ్గించు. నీకు పుణ్యం ఉంటాది. మిషన్ రిపేరు అనుకుంటారు.”

నా చేయి నాబ్ మీదే ఉంది. ఇరవై రెండేళ్ళు ఆ చేత్తోనే వాడి గొంతు పెంచాను. తెర మీద సుబ్బులమ్మ కంచం పెట్టింది. వాడు చేయి అంచు మీద పెట్టాడు. నేను తగ్గించలేదు. ఒక గీత పెంచాను.

“దొరస్వామి మామ కాడికి నేనే పోయినా.”

రోడ్డు దాకా వినబడి ఉంటుంది. పక్కన స్టూలు మీద మునిరామయ్య రెండు చేతులూ తల మీద పెట్టుకొని ముడుచుకుపోయాడు. మునికుమార్ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. పెద్దలు రెండు రోజులు గుడి దగ్గర అరుచుకొని, చివరికి కంకణం వాడికే కట్టారు. అంత ఎత్తు ఎక్కే కాళ్ళు ఊళ్ళో ఇంకెవరికి ఉన్నాయి? వాడి తండ్రి ఇన్నేళ్ళు దేనికోసం నోరు మూసుకున్నాడో అది పోనేలేదు.

తిరుమలయ్య లేచాడు. ఆయన నీడ తెర మీద పడింది, వెనకవాళ్ళు కూర్చోమని కేకలు వేశారు. ఆయన తమ్ముడి వైపు రాలేదు. ఆడవాళ్ళ వైపు పోయి, జయంతి పక్కన కూర్చున్న సుబ్బులమ్మ ముందర ఆగాడు.

“సుబ్బులూ” అన్నాడు. “లెయ్యి. ఇంటికి పోదాం.”

ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత ఆమెతో నేరుగా అన్న మాట అది. జయంతి కొంగు నోట్లో కుక్కుకుంది. సుబ్బులమ్మ ఆయన పక్కనుంచి మెడ వంచి తెర చూస్తోంది, అక్కడ తనే పెరట్లో నిలబడి మేకకు సంగటి పెడుతోంది.

“నువ్వు పో” అంది. “ఇంట్లో మేక ఉండాది గదా, దాంతో మాట్లాడతా ఉండు. నేను పూర్తిగా సూసి వస్తా.”

తిరుమలయ్య పోలేదు. కాసేపు అలాగే నిలబడి, వెనకవాళ్ళు మళ్ళీ అరిస్తే, ఆడవాళ్ళ వరస చివర నేల మీద కూర్చున్నాడు. సుబ్బులమ్మ ఆయన వైపు తిరగలేదు. సినిమా ఇంకా గంటా పది నిమిషాలు ఉంది.